ధ్రువాల మీద రాడార్ ఎకోలు వేసవిలోనే ఎందుకొస్తాయి? హైదరాబాద్‌లో కూర్చుని దీని మీద ప్రాజెక్టు చేయొచ్చా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి పీఎంఎస్ఈ, అంటే పోలార్ మెసోస్ఫియర్ సమ్మర్ ఎకోస్ (ధ్రువాల మీద, వాతావరణంలో బాగా పైనున్న మెసోస్ఫియర్ పొర నుంచి వేసవిలో తిరిగొచ్చే రాడార్ తరంగాలు) తీసుకున్నానని, ఎండాకాలంలో మంచేమిటో అర్థం కావట్లేదని, ఊరు కదలకుండా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. నేను తార్నాకలో అద్దె గదిలో కూర్చునే చేశాను.

ఈ ఎకోలు 80–90 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తాయి. హైదరాబాద్ నుంచి జడ్చర్లకి ఉన్న దూరాన్ని నిలువునా నిలబెట్టారనుకోండి. అక్కడ రుతువుల లెక్క తలకిందులు. గ్రావిటీ వేవ్స్, అంటే గాలిలోనే పుట్టే అలలు (ఐన్‌స్టీన్ చెప్పినవి కావు), పైకి వెళ్లి విరగడం వల్ల వేసవి ధ్రువం మీద గాలి పైకి లేస్తుంది, లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కితే గాలి వేలికి చల్లగా తగులుతుంది చూడండి, అదే. ఇరవై నాలుగు గంటలూ ఎండ కాస్తున్నా ఉష్ణోగ్రత మైనస్ 140 డిగ్రీల దరిదాపులకి పడిపోతుంది. ఉన్న కాస్త నీటి ఆవిరీ మంచు రేణువులవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగి "మంచుకి తగిలి తరంగం వెనక్కొస్తుంది" అని రాసేస్తారు. వైవాలో దొరికిపోయేది ఇక్కడే. నానోమీటర్ల సైజు రేణువులు రాడార్‌కి కనపడవు. రాడార్ చూసేది ఎలక్ట్రాన్ల సాంద్రతలో ముడతల్ని, అదీ తన తరంగదైర్ఘ్యంలో సగం ఎడం ఉన్నవాటినే. 50 మెగాహెర్ట్జ్‌కి 3 మీటర్లు, నార్వేలో ట్రోమ్సో దగ్గరున్న 224 మెగాహెర్ట్జ్ ఐస్కాట్ రాడార్‌కి 67 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో అంత సన్న ముడతలు ఇట్టే చెరిగిపోవాలి. కానీ మంచు రేణువులు ఎలక్ట్రాన్లను పట్టుకుని ఛార్జితో నింపాదిగా కదులుతాయి, మిగతా ఎలక్ట్రాన్లనూ తొందరగా సర్దుకోనివ్వవు. అందుకే ముడత నిలుస్తుంది. ట్రోమ్సోలోనే శక్తిమంతమైన హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో తరంగాలతో ఎలక్ట్రాన్లను వేడి చేస్తే ఎకో చటుక్కున మాయమవుతుంది, ఆపగానే తిరిగొస్తుంది. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టేంత టైమే లేదక్కడ, కాబట్టి ఎకో నేరుగా వచ్చేది ఎలక్ట్రాన్ల నుంచే. రిపోర్టులో ఆ గ్రాఫు తప్పకుండా పెట్టండి.

మన తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌ది 53 మెగాహెర్ట్జ్. దానికీ మెసోస్ఫియర్ ఎకోలు వస్తాయి, కానీ మన నెత్తిన అంత చలి లేదు. అవి టర్బులెన్స్ (గాలి సుడులు) వల్ల, పగటిపూట, ఇంకాస్త కిందనుంచి వచ్చేవి. రెండూ ఒకటే అనుకోకండి.

డేటాకి ఐస్కాట్ వాళ్ల మాడ్రిగల్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ చూడండి. టైమ్ యూటీలో, అంటే గ్రీన్‌విచ్ టైమ్‌లో ఉంటుంది. నేను అలవాటుకొద్దీ 5:30 కలిపేశాను. మధ్యాహ్నం బలంగా ఉండాల్సిన ఎకో నా గ్రాఫులో సాయంత్రానికి జరిగింది. ఏదో కొత్తది కనిపెట్టేశానని వారం రోజులు నిద్రపట్టలేదు. మా సార్ గ్రాఫు చూసి, "ట్రోమ్సో ఎప్పుడయ్యా ఇండియాలో కలిసింది?" అన్నారు.

పాత పేపర్లలో, అలాస్కాలోని పోకర్ ఫ్లాట్ రాడార్ మీద ఎక్లండ్, బాల్స్‌లీ 1981లో రాసింది ముందు చదవండి. తర్వాత, ఐస్కాట్ రోజూ నడవదు కాబట్టి జులైలో ఏ రోజు వీహెచ్ఎఫ్ (ఆ 224 మెగాహెర్ట్జ్ రాడార్) నడిచిందో చూసి ఆ ఫైల్ దింపుకోండి. ఎలక్ట్రాన్ డెన్సిటీ కాలమ్‌లో 85 కిలోమీటర్ల దగ్గర నమ్మలేనంత పెద్ద అంకె కనిపిస్తే అది నిజం సాంద్రత అనుకుని కంగారుపడకండి. మీరు వెతుకుతున్న ఎకో అదే.