నెక్ చూసి కొను అల్లుడూ

విజయవాడ,
సత్యనారాయణపురం.

చి. అల్లుడికి మామయ్య రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న 20,000 పెట్టి గిటార్ కొంటానంటున్నాడు తమ్ముడూ. దానికి తీగలు కూడా నాలుగేనట. మిగతా రెండూ ఏవిరా అంటే నవ్వుతున్నాడు" అంది. నాకూ నవ్వొచ్చింది. మా నాన్న కూడా నన్ను సరిగ్గా ఇదే అడిగాడు. మామూలు బేస్ గిటార్‌కి తీగలు నాలుగే మరి, పాటలో కింది స్వరాలు పలికించేది అదే.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నలు చదివాను. తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్ ఏది మంచిది, బ్యాటరీ ఉన్న యాక్టివ్ కొనాలా లేని పాసివ్ కొనాలా, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ మారిస్తే సౌండ్ పెరుగుతుందా. అన్నీ తర్వాత మార్చుకోగలిగినవాటి గురించే అడిగావు. పికప్ పోతే ఇంకోటి వేస్తాం, నాబ్ పోతే వందో రెండొందలో పెడితే కొత్తది వస్తుంది. నెక్, అంటే వేళ్లతో నొక్కే ఆ పొడుగాటి మెడ, పాడైతే మాత్రం దాన్ని మార్చే ఖర్చుకి ఇంకో బేస్ వస్తుంది. కాబట్టి షాపులో అడుగుపెట్టేటప్పుడు నెక్ కొనడానికి వెళ్తున్నాననుకో. మిగతాదంతా దానికి తగిలించి ఇచ్చే సామాను.

ఇది నాకు ఊరికే తెలియలేదు. నా మొదటి బేస్ ఆర్కెస్ట్రా మానేసిన ఒకాయన దగ్గర కొన్నాను. రాత్రి తొమ్మిదింటికి, గుడ్డి బల్బు కింద. ఎర్రటి బాడీ, దాని మెరుపు చూసి మతిపోయింది. పొద్దున్నే డాబా మీద వెలుతురులో చూస్తే నెక్ మెలితిరిగి ఉంది, వానకి తడిసి ఎండకి ఆరిన తలుపు చెక్కలాగా. ఒకవైపు స్ట్రింగ్ ఫ్రెట్లకి, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలకి, తగులుతోంది, రెండోవైపు నొక్కితే వేలికి గాటు పడేంత ఎత్తు. తిరిగి ఇస్తానంటే ఆయన "నిన్న బాగానే ఉందిగా బాబూ" అన్నాడు. దాంతోనే రెండేళ్లు పెళ్లిళ్లలో వాయించాను. ఎడమ మణికట్టు ఇప్పటికీ చలికాలంలో లాగుతుంది.

నువ్వు పగలే వెళ్లు. బాడీని నీ కాలి మీద ఆనించి, హెడ్ వైపు, అంటే శృతి మరలున్న కొన వైపు నుంచి ఒక కన్ను మూసి చూడు, వడ్రంగి దూలం చూస్తాడే అలా. రెండు అంచులూ ఒకే తీరున సాగాలి. నెక్ మొత్తం కొద్దిగా ముందుకి వంగి ఉంటే భయం లేదు, లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, దాంతో సర్దుకోవచ్చు. ఒక అంచు ఒకలా, రెండోది ఇంకోలా పోతుంటే అది మెలి. ఎంత తక్కువకి ఇస్తానన్నా లేచి వచ్చెయ్.

తర్వాత లావు స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే సరిపోతుంది. బాగా ఎక్కువున్నా, అసలు లేకపోయినా ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో అక్కడే తేల్చుకోవాలి. అమ్మేవాడినే పావు చుట్టు తిప్పమను. "దాన్ని ముట్టుకోవద్దు, ఫ్యాక్టరీ సెట్టింగ్" అన్నాడంటే అది జామైపోయిందనే నేననుకుంటాను. ఆ తర్వాత ఓపిగ్గా ప్రతి ఫ్రెట్టూ వాయించు. 20 ఫ్రెట్లు, 4 స్ట్రింగ్స్, 80 చోట్లు, పది నిమిషాల పని. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ, డబ్బు నీది.

కంపెనీ పేర్ల గోల నాకు పెద్దగా లేదు. నీ డబ్బుకి యమహా, కోర్ట్, ఐబనెజ్ వాళ్ల చిన్న మోడళ్లు చూడు. సెకండ్ హ్యాండ్ అయినా సరే. కానీ 20,000 మొత్తం బేస్‌కే పెట్టకు. 15,000 దాటకుండా చూసుకో. మిగిలింది స్ట్రింగ్స్‌కి, మంచి కేబుల్‌కి, వెడల్పాటి బెల్టుకి. బేస్ బరువు నాలుగు కేజీలు ఉంటుంది, మీ చర్చిలో కూడిక మూడు గంటలు నడుస్తుంది. సన్న బెల్టు వేసుకుంటే పాస్టరు గారి ప్రసంగం అయ్యేలోగా నీ భుజం ప్రార్థన మొదలుపెడుతుంది.

చర్చిలో అందరూ ఐదు స్ట్రింగ్స్‌ది కొనమంటున్నారన్నావు. వద్దు. మామూలు బేస్‌లో లావు స్ట్రింగ్ 'ఈ' (E) స్వరం, సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఐదోది 'బీ' (B), 31 సార్లే. అంత కింది స్వరం బిగువుగా పలకాలంటే గట్టి నెక్ కావాలి. చవక బేస్‌ల మీద ఆ ఐదో స్ట్రింగ్ తడిసిన తాడులా ఊగుతుంది. ఇళయరాజా పాటల్లో నడిచే బేస్ విను, నాలుగు స్ట్రింగ్స్ మీద ఎంత చెప్పొచ్చో అర్థమవుతుంది.

పికప్‌ల సంగతి. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు, 1960లో జాజ్ బేస్. ఇవాళ నువ్వు చూసే చవక బేస్‌ల్లో చాలావరకు ఈ రెంటికి పిల్లలే. రెండు ముక్కలుగా ఉండే పికప్ ప్రెసిషన్‌ది. దాంట్లో హమ్, అంటే ఊరికే వచ్చే గుయ్‌మనే రొద, తక్కువ, గుంపులో కూడా గొంతు వినిపిస్తుంది. జాజ్‌కి రెండు పొడుగు పికప్‌లు, గొంతులు ఎక్కువ, కానీ ఒకదాని వాల్యూమ్ తగ్గించగానే గుయ్‌మంటుంది. కూడికలకీ పెళ్లిళ్లకీ అయితే నా ఓటు ప్రెసిషన్‌కే.

యాక్టివ్ బేస్ అంటే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా వాయించకపోయినా, అది అయిపోతూనే ఉంటుంది. ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక రిసెప్షన్‌లో సౌండ్ చెక్ చేసి, కేబుల్ అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాను. ముందురోజు రాత్రంతా కూడా అలాగే ఉందని అప్పుడు గుర్తులేదు. పెళ్లికూతురు మెట్లెక్కుతుంటే ఎత్తుకున్న పాటలో బేస్ ముందు గరగరలాడింది, తర్వాత దగ్గింది, తర్వాత లేదు. కీబోర్డు అతను నా వైపు చూసి ఎడమచేత్తో బేస్ అందుకున్నాడు. ఆ రాత్రి అరగంటసేపు వట్టి చేతులాడిస్తూ నిలబడ్డాను. డబ్బులు మాత్రం పూర్తిగానే ఇచ్చారు, అది వేరే సంగతి. యాక్టివ్ కొంటే వాయించడం అవ్వగానే కేబుల్ లాగెయ్, బ్యాగులో ఇంకో బ్యాటరీ వేసుకో. నన్నడిగితే మొదటిది పాసివ్ చాలు.

కొన్నాక అప్‌గ్రేడ్ అంటూ పికప్‌ల మీదకి పరిగెత్తకు. ముందు కొత్త స్ట్రింగ్స్ వెయ్, 45 నుంచి 105 మందం సెట్టు. 2,000 అటూ ఇటూ అవుతుంది. దానికే సగం బేస్ మారిపోయినట్టుంటుంది. మా రోజుల్లో స్ట్రింగ్స్ కోసం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్లేవాళ్లం. 1842లో పెట్టిన మ్యూసీ మ్యూజికల్ షాపులో కొనలేని గిటార్లన్నీ వాయించి చూసి, ఒక్క సెట్టు కొనుక్కుని రాత్రి బండికి తిరిగొచ్చేవాళ్లం. అందుకే పాతవాటిని పారేసేవాళ్లం కాదు. విప్పి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి మళ్లీ వేసేవాళ్లం. జిడ్డు పోయి కొన్నాళ్లు బాగానే మోగుతాయి. ఈ పని మీ అమ్మ పప్పు గిన్నెలో చెయ్యకు, నేను చేసి తిట్లు తిన్నాను. ఇంకోపక్క మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు, ఫ్లాట్‌వూండ్ (పైచుట్టు చదునుగా ఉండే) స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదట. ఆయన వేళ్లు వేరు, మనం మారుద్దాం.

స్ట్రింగ్స్ వేశాక సెటప్. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంచు. అక్కడే స్ట్రింగ్‌ని నొక్కకుండా వేలు తాకించి హార్మోనిక్ వాయించి, తర్వాత నొక్కి వాయించి ఫోన్‌లో ట్యూనర్ చూడు. నొక్కినప్పుడు శృతి పెరిగితే బ్రిడ్జ్ మీద సాడిల్, అంటే ఆ స్ట్రింగ్ ఆనే చిన్న ముక్క, వెనక్కి జరుపు, తగ్గితే ముందుకి. ఒక స్క్రూడ్రైవర్ చాలు. పికప్ కొనే డబ్బులుంటే ఆర్నెల్లు ఆగు. అప్పటికీ కావాలనిపిస్తే నేనే సోల్డర్ చేసి పెడతాను.

నాబ్ తిప్పితే కరకరలాడుతోందా? గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పు. సౌండ్ వచ్చి పోతుంటే ముందు కేబుల్ గుచ్చే జాక్ నట్టు వదులైందేమో చూడు. వదులుగా ఉన్నదాన్ని బయటినుంచి ఊరికే బిగిస్తే లోపల జాక్ కూడా తిరిగి వైరు తెగుతుంది, లోపలి భాగాన్ని పట్టుకుని బిగించు. స్ట్రింగ్స్ ముట్టుకోగానే హమ్ తగ్గుతోందంటే ఎర్త్ వైరు బాగానే ఉంది, లోపల రాగి రేకు అంటిస్తే మిగతాది కూడా తగ్గుతుంది.

పందిట్లో వాయించేటప్పుడు మాత్రం జాగ్రత్త. స్ట్రింగ్స్ మీద చెయ్యి ఉండగా మైకు తగిలి పెదవికి చురుక్కుమందా, ఇక పాట ఆపు. కరెంటు లైన్‌కి ఎర్త్ సరిగ్గా లేదన్నమాట. సౌండ్ అతను "ఏం కాదన్నా" అంటాడు. ఆ మాట వినకు, లైన్ సరిచేసేదాకా కేబుల్ గుచ్చకు. నవ్వుతూ చెప్తున్నాననుకోకు, ఈ ఒక్కటీ గట్టిగా చెప్తున్నాను.

ఇక మన ఊళ్ల వాతావరణం. రోళ్లు పగిలే రోహిణిలో నెక్ చెక్క ఏపాటిది? బేస్‌ని కారు డిక్కీలో, బండి మీద ఎండలో వదిలెయ్యకు. వానాకాలంలో చెక్క తేమ పీల్చి నెక్ ముందుకి వంగుతుంది, స్ట్రింగ్స్ ఎత్తవుతాయి. గాలి పొడిబారితే నిటారై ఫ్రెట్లకి తగిలి జర్రుమంటుంది. ముందుకి వంగితే ట్రస్ రాడ్ గడియారం ముల్లు తిరిగే వైపు బిగించు, జర్రుమంటుంటే వదులు చెయ్. ఎప్పుడైనా పావు చుట్టే. ఒక రోజు ఆగి మళ్లీ చూడు. తెలిసిన కుర్రాడొకడు ఒకేసారి రెండు చుట్లు తిప్పి రాడ్ తెంపుకున్నాడు, ఆ బేస్ ఇప్పుడు వాళ్లింట్లో గోడకి అలంకారం.

వాయించాక పొడిగుడ్డతో స్ట్రింగ్స్ తుడువు, కిందవైపు కూడా. మన చెమటకి తుప్పు ఇట్టే పడుతుంది. ఫింగర్‌బోర్డుకి కొబ్బరినూనె రాయమని ఎవరో చెప్పారట కదా, అది మక్కిపోయి కంపు కొడుతుంది, రాయకు.

అన్నట్టు, ఆంప్, అంటే బేస్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె, ఇప్పుడే వద్దు. హోమ్ థియేటర్‌కి తగిలించి సౌండ్ పెంచావంటే స్పీకర్ చిరుగుతుంది, మీ నాన్న ఊరుకోడు. చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌తో ఇంట్లో నేర్చుకో, చర్చిలో ఎలాగూ మిక్సర్ ఉంది.

బేస్ అమ్ముతానంటున్న ఆ తెనాలి అతనికి అడ్వాన్స్ ఏమీ పంపకు. ఫొటోలో నెక్ కనపడదు. వచ్చే శనివారం పొద్దున్నే నేను తెనాలి స్టేషన్‌లో దిగుతాను, నువ్వు గుంటూరు నుంచి అక్కడికే వచ్చెయ్. ట్రస్ రాడ్ తిప్పే అలెన్ కీలు నేను తెస్తాను. నువ్వు ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని రా, ట్యూనర్ దాంట్లోనే కదా.

మీ మామయ్య