చెడగొట్టు వానల వారంలో కోతకు దిగుతున్న మేనకోడలికి

బిడ్డా,

రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగిన మాట పొద్దున్నుంచీ నా మనసులోనే తిరుగుతోంది. "మామా, వారమంతా చల్లగా ఉంటుందట, ఎండ దెబ్బ తగలకుండా కోత పెట్టుకుందామా?" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. బావ మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాడు. ఆరెకరాల వరి నీ ఒక్కదాని మీద పడింది. నీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు.

అసలు మాట ముందే చెప్తున్నా. చల్లగా ఉందని కోత పెట్టుకోకు. ఏప్రిల్ మొదట్లో మన నల్లగొండలో ఎండ 38, 39 దాకా పోవాలి. అది 33, 34 దగ్గరే ఆగిపోయిందంటే పైన ఏదో జరుగుతోందనే అర్థం. టీవీలో ద్రోణి అంటారు చూడు, అదే. విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా కిందికి గాలులు ఎదురెదురుగా కలిసే జాగా ఒకటి ఏర్పడుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి, అటు పడమటి నుంచి పొడి గాలి. పొద్దున్నుంచి కాగిన నేల ఆ తేమను పైకి ఎగదోస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి మబ్బు గోపురంలా లేస్తుంది. అందుకే ఈ వానలు పొద్దున అరుదు, మూడు దాటాక ఎక్కువ. మన పెద్దలు చెడగొట్టు వానలన్నది వీటినే. ఇప్పుడు రేవతి కార్తె నడుస్తోంది, ముందర అశ్విని ఉంది. అశ్విని కురిస్తే అంతా నష్టం అని ఊరికే అనలేదు. అప్పటికి గింజ కల్లంలో ఉంటుంది మరి.

కాబట్టి ఈ వారం రోజులను రెండు ముక్కలు చేసుకో. పొద్దున మంచు ఆరినప్పటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా నీది. మూడు తర్వాత నీ వడ్లు ఒక్క గింజ కూడా బయట పరచి ఉండకూడదు. ఆకాశం తేటగా ఉన్నా సరే, ఈ వారానికి ఇదే లెక్క పెట్టుకో.

ఇక వాతావరణ కేంద్రం చెప్పే మాటలను ఎట్లా అర్థం చేసుకోవాలో చెప్తా. ఇక్కడే చాలామంది పొరబడతారు. 'నల్లగొండ జిల్లాలో ఒకట్రెండు చోట్ల వాన' అంటే జిల్లా అంతా చినుకులు పడతాయని కాదు. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడొచ్చని. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా. 'చాలా చోట్ల' అంటే ముప్పావు వంతు దాకా. మొన్న 'ఒకట్రెండు చోట్ల' అన్నారు, నిడమనూరులో పడలేదు, హాలియాలో పడింది. అంత మాత్రాన చెప్పింది తప్పు కాదు. అట్లాగే 'తేలికపాటి వాన' అంటే రోజు మొత్తంలో 15 మిల్లీమీటర్ల దాకా, 'మోస్తరు' అంటే 64 దాకా. మోస్తరు అన్న మాట చిన్నగా వినిపిస్తుంది కానీ, కల్లంలో ఉన్న వడ్లకు 30 మిల్లీమీటర్లు చాలు, మొత్తం తేలిపోతాయి.

ఇంకో సంగతి. వాళ్ల రోజు అర్ధరాత్రికి మారదు. పొద్దున ఎనిమిదిన్నరకు మారుతుంది. మంగళవారం వాన అంటే బుధవారం పొద్దున ఎనిమిదిన్నర దాకా అని. రాత్రి పన్నెండు దాటగానే 'మంగళవారం అయిపోయింది కదా' అనుకుని పరదా తీసి పడుకునేవు.

వాళ్లు ఇచ్చే రంగుల హెచ్చరికల సంగతి నీకు తెలిసే ఉంటుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండు, నారింజ అంటే సిద్ధంగా ఉండు, ఎరుపు అంటే పని ఆపి జాగ్రత్త పడు. నా మాటగా ఒకటి కలుపుతా. వడ్లు కల్లంలో ఉన్నప్పుడు పసుపును కూడా నారింజ అనుకో. వారం సూచన చూసి కోత మిషన్ మాట్లాడుకో, కానీ ఆ రోజు ఏం చేయాలో మాత్రం మూడు గంటలకోసారి ఇచ్చే తక్షణ హెచ్చరిక చూసే తేల్చుకో. వారం ముందు చెప్పిన మాటలో ఏ ఊరు, ఏ గంట అన్నది ఉండదు.

ఫోన్ కంటే ముందు నీ ఒంటికి తెలిసే గుర్తు ఒకటుంది. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగిపోతుంది. ఉక్క పోస్తుంది, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. పడమర దిక్కు మొగులు నల్లగా కాదు, నీలంగా, ఉక్కు రంగులో కనపడుతుంది. ఆ తర్వాత ఒక చల్ల గాలి వస్తుంది, తడి మట్టి వాసనతో. ఆ గాలి హాయిగా ఉందని ముఖం పెట్టి నిలబడకు. ఎక్కడో వాన కురుస్తున్న మబ్బులోంచి కిందికి దూకి వచ్చిన గాలి అది. దాని వెనకే గాలిదుమారం, ఒక్కోసారి రాళ్ల వాన. నీకు పది పదిహేను నిమిషాలే టైం ఉంటుంది. మా గుర్రంపోడు మీకు పడమర. మా దగ్గర మొదలైన వాన చాలాసార్లు మీ దిక్కే వస్తుంది. ఇక్కడ ఉరిమిందంటే నేనే ఫోన్ చేస్తా, ఎత్తు.

ఇప్పుడు నీ పొలం సంగతి. పండిన నాలుగెకరాల 1010 ఉంది కదా, అది గింజ రాలే రకం, ఎక్కువ రోజులు ఆపలేవు. ఈ రెండు రోజులు పొడిగా ఉంటుందంటున్నారు, మిషన్ దొరికితే రేపే కోయించు. దొరకకపోతే వాన తర్వాత ఆరనిచ్చి కోయించు. మధ్యలో, మూడింటికి మిషన్ వస్తానంటే మాత్రం వద్దను. వాన పడ్డ మడిలో టైర్ల మిషన్ దిగబడుతుంది, చైన్ల మిషన్ కావాలి, దానికి గంటకు రేటు ఎక్కువ. ఆ డబ్బు లెక్క ముందే వేసుకో. పండిన పొలంలో నీళ్లు ఆపేశావు కదా. పాలు పోసుకుంటున్న ఆ రెండెకరాల్లో కూడా గాలిదుమారం చెప్పిన రోజు కొత్తగా నీళ్లు పెట్టకు. మొదళ్లు మెత్తబడితే చేను పడిపోతుంది. ఇట్లా చల్లగా, మొగులుగా ఉంటే మెడ విరుపు తెగులు వస్తుంది. వెన్ను మెడ దగ్గర బూడిద, గోధుమ రంగు మచ్చ కనిపిస్తే ట్రైసైక్లజోల్ లీటరు నీటికి 0.6 గ్రాములు కలిపి, పొద్దున మంచు ఆరాక కొట్టించు. సాయంత్రం వాన ఉంటే మందు కడుక్కుపోతుంది, ఆ రోజు కొట్టకు.

కోసిన వడ్ల దగ్గర నేను పడ్డ బాధ నువ్వు పడకూడదు. పన్నెండేళ్ల కింద మా వడ్లు కొనుగోలు సెంటర్‌లో కుప్ప పోశాం. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా పెడతారు, మావి 19 చూపించాయి. రెండు రోజులు ఆరబెట్టమన్నారు. ఆ రాత్రే వాన. పరదా కప్పాం, నలువైపులా రాళ్లు పెట్టాం, నిశ్చింతగా పడుకున్నాం. కానీ మేం కుప్ప పోసింది పల్లపు జాగాలో. పైన పరదా పొడిగానే ఉంది, కింద నుంచి నీళ్లు ఎక్కాయి. మూడో రోజు పరదా తీసి కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెడితే అన్నం కుండలో పెట్టినట్టు వెచ్చగా తగిలింది. పిడికిలి తీసి చూస్తే ప్రతి గింజ కొసన తెల్లగా సూది మొనంత మొలక. మీ అత్త అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే కుప్ప మిట్ట మీదే పోయించు. జాగా లేదంటే కొట్లాడైనా సరే మిట్ట తీసుకో. చుట్టూ జానెడు లోతు కాల్వ తీయించి, నీళ్లు పోవడానికి ఒక పక్క దారి వదులు. పొద్దున ఎండ రాగానే పరదా తీసి పలచగా పరచి, గంటకోసారి కాళ్లతో సాళ్లు తీయించు. ఈ చల్ల వారంలో రెండు రోజుల్లో ఆరేది నాలుగు రోజులు పడుతుంది, దానికి కూలీ లెక్క కూడా పెట్టుకో. రోడ్డు మీద మాత్రం పోయకు, రాత్రిపూట బండ్ల మీద పోయేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. ఒకవేళ కోయకముందే చేను పడిపోయి వెన్నులు తడిసిపోతే, ఉప్పు లీటరు నీటికి 50 గ్రాములు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయించు. మొలక ఆగుతుంది.

వడ్లు పోతే మళ్లీ పండించుకుంటాం. పిడుగు దగ్గర మాత్రం నా మాట తప్పకు. దామిని యాప్ పెట్టుకో, పుణె వాతావరణ సంస్థ చేసింది, మన చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. యాప్ లేకపోతే మెరుపు కనపడ్డాక లెక్కపెట్టు. ముప్పై అంకెలు దాటకముందే ఉరుము వినపడితే అది పది కిలోమీటర్లలోనే ఉన్నట్టు. వెంటనే పని ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము విని అరగంట అయ్యేదాకా బయటికి రావద్దు. కూలికి వచ్చిన ఆడవాళ్లు వేపచెట్టు కిందికి పోతామంటారు, పోనివ్వకు. గొర్లు తోలుకొచ్చిన వాళ్లకు కూడా కేకేసి చెప్పు. తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకోకు. గాలికి కరెంటు తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చెయ్యి.

నష్టం జరిగితే ఏడుస్తూ కూర్చోకుండా ఆ రోజే ఫోటోలు తీసి మీ వ్యవసాయ విస్తరణాధికారికి, అదే ఏఈవోకు పంపు. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే సాయం లెక్కలోకి వస్తుంది, మిషన్ వేసి కోసేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. 2023 మార్చి రాళ్ల వానలకు ప్రభుత్వం ఎకరాకు 10 వేలు ప్రకటించింది. ఆ రోజుల్లో పేరు రాయించుకోలేక నష్టపోయిన వాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

మా తోటలో కత్తెర కాపు బత్తాయి నిన్నటి గాలికి కొంత రాలింది. మిగిలింది రేపు కోయిస్తున్నా. ఇంట్లో రెండు పెద్ద పరదాలు ఖాళీగా ఉన్నాయి. రేపు పొద్దున హాలియా పోయే ఆటోలో పంపిస్తున్నా, ఎనిమిదిన్నరకల్లా బస్టాండ్ దగ్గర ఎవరినైనా ఉంచు. ఒకదానికి మూల చిరిగింది, అతుకు వేశాను. ఆ మూల పడమర దిక్కుకు రాకుండా కప్పు. బావకు నేను అడిగానని చెప్పు.

మీ మామ