రెండో ల్యాన్ పోర్టు బయటి నుంచి పలకకపోతే కార్డు పోయినట్టేనా?

ఉబుంటు సర్వర్‌లో రెండు పోర్టులకీ ఐపీ, గేట్‌వే (బయటికి పంపే రౌటర్ అడ్రస్) ఇచ్చారు, లైట్లు వెలుగుతున్నాయి, అయినా రెండోది బయటి నుంచి పలకడం లేదు, కార్డు పోయిందా అని అడిగారు. కార్డు పోలేదండీ. ఆ రెండో గేట్‌వేనే అసలు గొడవ.

గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో అచ్చం ఇదే జరిగింది. పేషెంట్లు రిపోర్టులు ఫోన్‌లో చూసుకునే సర్వర్. ఒక లైన్ పోయినా ఇంకొకటి ఉండాలని రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని రెండింటికీ స్టాటిక్ ఐపీ కొన్నారు. ఒక రౌటర్ 192.168.1.1, రెండోది 192.168.2.1, సర్వర్‌కి రెండు చోట్లా చివర 10. మొదటి లైన్ మీద రిపోర్టులు వస్తున్నాయి, రెండో లైన్ మీద పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. సర్వర్ అమ్మినవాళ్లు పంపిన కుర్రాడు కేబుల్ మార్చాడు, కార్డు మార్చాడు, చివరికి మదర్‌బోర్డు పోయిందని కొటేషన్ రాసిచ్చాడు. నేను వెళ్లేసరికి కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన షుగర్ రిపోర్టు కోసం ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, డాక్టర్ గారు "కొత్తది కొనాలా వద్దా, అది చెప్పు బాబూ ముందు" అంటున్నారు.

రెండు టెర్మినల్ విండోలు పక్కపక్కన తెరిచి ఒక్కో కార్డు మీద టీసీపీడంప్ (కార్డులోంచి వచ్చేపోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెట్టాను. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద రెండో లైన్ ఐపీ కొట్టాను. రిక్వెస్ట్ శుభ్రంగా రెండో కార్డులోకి వచ్చింది, జవాబు మాత్రం మొదటి కార్డులోంచి బయటికి పోయింది! 192.168.2.10 పేరున్న ప్యాకెట్ మొదటి రౌటర్ దగ్గరికి వెళ్తే, ఆ కనెక్షన్ మొదలైన సంగతే దానికి తెలియదు కాబట్టి పారేసింది. డాక్టర్ గారు తెర చూసి వెంటనే పట్టేశారు: "అయితే ఇటు వచ్చి అటు పోతోందన్నమాట."

లినక్స్ పద్ధతే అంత. జవాబు పంపేటప్పుడు ప్రశ్న ఏ పోర్టులోంచి వచ్చిందో చూడదు, ఎవరికి పంపాలో చూసుకుని రూటింగ్ టేబుల్ (ఏ అడ్రస్‌కి ఏ దారో రాసుకున్న పట్టిక) వెతుక్కుంటుంది. రెండు గేట్‌వేలిస్తే రెండు డిఫాల్ట్ రూట్లు (వేరే దారి రాసి లేనివన్నీ వెళ్లే దారి) అవుతాయి, వాటిలో మెట్రిక్ (దారికిచ్చే వరుస అంకె) తక్కువున్నదే గెలుస్తుంది. అక్కడ ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ రావాల్సిన దారిలోనే వచ్చిందా అని చూసే సెట్టింగ్) 2లో ఉంది కాబట్టి జవాబు కనీసం బయల్దేరింది, 1లో ఉంటే వచ్చిన ప్యాకెట్‌నే కెర్నల్ (లినక్స్ మూల భాగం) పారేసేది. దాన్ని 0 చేసెయ్యమని వీడియోల్లో చెప్తుంటారు, చూస్తే ఒళ్లు మండుతుంది. దొంగ అడ్రస్‌తో వచ్చే ప్యాకెట్లను ఆపే కాపలా అది, దాన్ని తీసేసినంత మాత్రాన జవాబు సరైన దారి పట్టదు.

రెండో కార్డుకి సొంత రూటింగ్ టేబుల్ ఇవ్వాలి. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే) ఫైల్లో ఆ కార్డు కింద 192.168.2.1 మీదుగా వెళ్లే డిఫాల్ట్ రూట్‌ని టేబుల్ 200లో పెట్టాను, 192.168.2.0/24 రూట్‌ని కూడా అందులోనే పెట్టాను (లేకపోతే పక్క మెషీన్‌కి వెళ్లాల్సినవి కూడా రౌటర్‌కే పోతాయి), తర్వాత 192.168.2.10 నుంచి బయల్దేరేవన్నీ టేబుల్ 200 చూడాలని రౌటింగ్ పాలసీ రాశాను. మెయిన్ టేబుల్లో మొదటి రౌటర్ డిఫాల్ట్ ఒక్కటే మిగిలింది. 253, 254, 255 టేబుల్ నంబర్లు సిస్టమ్‌వి, వాటి జోలికి పోకండి. అప్లై చేయగానే ఫోన్‌లో పేజీ తెరుచుకుంది, డాక్టర్ గారు ఆ కొటేషన్ అక్కడే చించేశారు.

మెట్రిక్ ఎక్కువ ఇచ్చి రెండో డిఫాల్ట్ ఉంచితే లైన్ పోయినప్పుడు అదే మారుతుందని కొందరంటారు. మారదు. బయట రోడ్డు మీద ఫైబర్ తెగినా రౌటర్ ఆన్‌లో ఉన్నంతసేపు సర్వర్‌కి లింక్ బాగానే కనబడుతుంది, ఆ పాత రూటే వాడుతుంది.

ఇంకో జబ్బు, రెండు కార్డులకీ ఒకే సబ్‌నెట్ (ఒకే లోకల్ నెట్‌వర్క్) ఐపీలిచ్చి ఒకే స్విచ్‌కి తగిలించి స్పీడు డబుల్ అవుతుందనుకోవడం. అవదు, పైగా ఒకదాని ఐపీకి రెండోది ఏఆర్‌పీ (ఈ ఐపీ ఏ కార్డుదని అడిగే ప్రశ్న) జవాబు చెప్పి గందరగోళం చేస్తుంది. రెండు కార్డులూ ఒకే స్విచ్‌కి కావాలంటే బాండింగ్ (రెండింటినీ ఒకే కార్డులా కలపడం) చేయండి. అందులో యాక్టివ్ బ్యాకప్‌కి (ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండే పద్ధతి) స్విచ్‌లో ఏమీ మార్చనక్కర్లేదు. ఎంఐఐమాన్ (ఎన్ని మిల్లీసెకన్లకోసారి లింక్ చూడాలో చెప్పే సెట్టింగ్) 100 అని మాత్రం తప్పకుండా రాయండి, అది 0లో ఉంటే ఈ పద్ధతిలో లింక్ పోయిందో లేదో అసలు చూడదు.

ఇక ఆ కేబుళ్లు! ఏది ఏ రౌటర్‌దో ఒక చీటీ అంటించడానికి కూడా ఎవరికీ చేతులు రావు. ఈథ్‌టూల్ అనే కమాండ్‌కి మైనస్ పీ ఇచ్చి కార్డు పేరు రాస్తే ఆ పోర్టు లైటు మిణుకుమిణుకుమంటుంది, అలా వెతికి పట్టుకుని మార్కర్‌తో రాయండి.

మీరు దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో చేస్తుంటే నేరుగా అప్లై కొట్టకుండా నెట్‌ప్లాన్ ట్రై వాడండి, 120 సెకన్లలో మీరు ఓకే చెప్పకపోతే పాత సెట్టింగ్‌కి అదే వెనక్కి వెళ్తుంది. అయినా పలకకపోతే ఐపీ రూల్ షో, ఐపీ రూట్ షో టేబుల్ ఆల్, ఈ రెండు కమాండ్ల అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.