సంతకం సంగతి తర్వాత, ముందు బంతి మీద ముద్ర చూడండి

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అబ్బాయికి బేస్‌బాల్ అంటే ప్రాణం. వాడి పుట్టినరోజుకి అలనాటి మేటి ఆటగాడు బేబ్ రూత్ సంతకం ఉన్న పాత బంతిని ఈ రాష్ట్రంలోనే ఒక డీలరు దగ్గర 14,000 డాలర్లకు కొన్నాను. 2022 నవంబరు 18న కొరియర్‌లో చేతికొచ్చింది. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఎనిమిది నెలల కిందట ఒక నిపుణుడు చూసి సంతకం అనుమానంగా ఉందన్నాడు. డీలరుకు ఫోన్ చేస్తే సర్టిఫికెట్ ఉంది కదా అంటాడు. పిల్లాడి మొహం చూడలేకపోతున్నాను. అదే సర్టిఫికెట్‌తో ఆన్‌లైన్‌లో అమ్మేస్తే నా డబ్బు నాకొస్తుంది కదా?

జవాబు: మీరు పంపిన మూడో ఫొటోలో కుట్ల మధ్య సన్నటి భాగం చూడండి. అక్కడ అమెరికన్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగుల్లో ఒకటి) అధ్యక్షుడిగా జోసెఫ్ ఇ. క్రోనిన్ పేరు ముద్ర ఉంది. ఆయన ఆ పదవికి వచ్చింది 1959లో. బేబ్ రూత్ 1948 ఆగస్టు 16న చనిపోయాడు. పుట్టని బంతి మీద ఎవరూ సంతకం పెట్టలేరు. రూత్ కాలపు అమెరికన్ లీగ్ బంతి అయితే బాన్ జాన్సన్, బార్నర్డ్, 1931 తర్వాత విల్ హారిడ్జ్ పేర్లలో ఒకటి ఉండాలి.

మీ కేసు నిలబడేది దీని మీదే. అక్షరాల వంపుల మీద ఇద్దరు నిపుణులు కోర్టులో వాదించుకుంటే ఏళ్ళు గడుస్తాయి. ముద్ర మీద వాదన ఉండదు. సిరాను కూడా మొదటి ఆధారంగా పట్టుకోకండి. బాల్‌పాయింట్ పెన్ను 1945 చివర్లోనే అమెరికా దుకాణాల్లోకి వచ్చింది, కాబట్టి అది ఒక్కటే దొంగ సంతకమని రుజువు చేయదు.

ఇక గడువు. సరుకు వారంటీ, అంటే అమ్మినవాడు ఇచ్చిన హామీ, ఉల్లంఘనకు న్యూజెర్సీ చట్టం ఇచ్చేది నాలుగేళ్ళు. అది మీకు నిజం తెలిసిన రోజు నుంచి కాదు, బంతి మీ చేతికి అందిన రోజు నుంచి. అంటే 2026 నవంబరు 18 లోపే దావా పడాలి. మోసానికి, వినియోగదారుల మోసాల చట్టానికి ఆరేళ్ళుంది. ఆ చట్టం కింద నష్టం రుజువైతే మూడింతలు ఇప్పిస్తారు. కానీ పెద్ద గడువు ఉందని చిన్న గడువును చేజార్చుకోకండి.

మీరు చేసిన తప్పు గట్టిగానే చెప్పాలి. లోపం తెలిసిన తర్వాత సహేతుకమైన సమయంలో అమ్మినవాడికి తెలియజేయకపోతే వారంటీ కింద ఏ పరిహారమూ దక్కదు. ఎనిమిది నెలలు ఫోన్లతో గడిపారు. ఆ ఫోన్లలో ఏం మాట్లాడారో మీ మాట తప్ప రుజువేది? ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో కొన్న తేదీ, ధర, ముద్రలోని పేరు, డబ్బు వెనక్కి కావాలన్న మాట ఉండాలి. రసీదు దాచుకోండి.

అమ్మేసే ఆలోచన ఇప్పుడే మానుకోండి. అనుమానం తెలిసీ అసలుదని ఆన్‌లైన్‌లో అమ్మితే అది ఫెడరల్ వైర్ ఫ్రాడ్ (ఫోను, ఇంటర్నెట్ లాంటి వాటితో చేసే మోసం), 20 ఏళ్ళ దాకా జైలు. నష్టం 10,000 డాలర్లు దాటిన మోసంలో శిక్ష పడితే, పౌరసత్వం లేనివాళ్ళను దేశం నుంచి పంపించేస్తారు. హెచ్-1బీ అయినా గ్రీన్‌కార్డు అయినా అంతే. డీలరు మిమ్మల్ని మోసగించాడన్నది దీనికి సమాధానం కాదు.

ఇన్‌వాయిస్ తీసి చదవండి. "బేబ్ రూత్ సంతకం చేసిన బంతి" అని సూటిగా ఉంటే అదే వారంటీ. సర్టిఫికెట్‌లో "మా అభిప్రాయంలో" అని ఉన్నా ఇన్‌వాయిస్ మాట మీకు పనికొస్తుంది. అమ్మకపు పేజీ, మెసేజీలు, కొరియర్ లేబుల్, బ్యాంకు స్టేట్‌మెంట్, అన్నింటినీ తేదీలతో భద్రపరచండి. బంతిని అన్ని వైపులా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తుడవకండి, సిరా తాకకండి. పాత బంతులు తెలిసిన నిపుణుడితో ముద్ర గురించి రాతపూర్వక నివేదిక తీసుకోండి. అవసరమైతే కోర్టుకొచ్చి చెప్పగలిగిన మనిషి కావాలి, సర్టిఫికెట్ కాగితం సాక్షి కాదు.

20,000 డాలర్ల లోపు అడిగితే సుపీరియర్ కోర్టు స్పెషల్ సివిల్ విభాగంలో మీరే వేసుకోవచ్చు. మూడింతలు కోరితే ఆ పరిమితి దాటుతుంది, అప్పుడు అదే కోర్టులో పెద్ద దావాలు చూసే సివిల్ విభాగానికి వెళ్ళాలి, దానికి మాత్రం వకీలు ఉంటే మంచిది. డీలరు బంతి పంపండి, డబ్బు ఇస్తాను అంటే ముందు డబ్బు, తర్వాతే బంతి. ఆ బంతి చేజారితే మీ చేతిలో మిగిలేది ఫొటోలే.