షవర్ రంధ్రాల్లో సున్నం గట్టిపడితే

ప్రశ్న: మాది బోరు నీళ్లు. షవర్ బిగించి ఏడాదిన్నర కూడా కాలేదు, అప్పుడే సగం రంధ్రాలు మూసుకపోయినాయి. మిగిలినవాటిలో కొన్ని పక్కకు చిమ్ముతున్నాయి. నిమ్మచెక్కతో రుద్దినా, సబ్బుపొడి వేసి తోమినా తెల్లపొర కదలడం లేదు. కొత్తది కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: కొనక్కర్లేదు. రంధ్రాలకు అడ్డం పడింది మట్టి కాదు, సున్నపురాయి. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ నీళ్లు ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి, కాల్షియం కార్బనేట్‌గా గట్టిపడుతుంది. బెలుం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాళ్లది కూడా ఇదే పదార్థం. షవర్ కట్టేశాక ప్రతి రంధ్రం అంచునా ఒక చుక్క నిలిచిపోతుంది. అది ఆరిన చోట పలచటి పొర మిగులుతుంది, మరుసటి రోజు దాని మీద ఇంకో పొర. రంధ్రం ఒకవైపే పూడితే ధార పక్కకు తిరుగుతుంది. సబ్బుకు ఇది కరగదు సరికదా, సబ్బు కాల్షియంతో కలిసి ఇంకో జిడ్డు తెలుపు తయారవుతుంది. దీన్ని కరిగించేది పులుపే.

నిమ్మచెక్క పనిచేయకపోవడానికి కారణం అందులో ఉండే పులుపు చాలకపోవడం. ఒక కాయ పిండితే వచ్చే 30 మి.లీ. రసంలో సిట్రిక్ యాసిడ్ ఒకటిన్నర, రెండు గ్రాములకు మించదు. పైగా రుద్దినప్పుడు అది రంధ్రం లోపలికి పోదు. అంగట్లో నిమ్మఉప్పు పేరుతో దొరికే పలుకులు ఇదే సిట్రిక్ యాసిడ్, కాకపోతే నిఖార్సైనది. లీటరు నీళ్లకు 50 గ్రాములు, అంటే దాదాపు నాలుగు టేబుల్ స్పూన్లు వేయండి. లెక్క ప్రకారం ఆ ద్రావణం 35 నుంచి 40 గ్రాముల సున్నాన్ని కరిగిస్తుంది, ఒక షవర్‌కు అది పుష్కలం. తెల్ల వినెగర్ వాడాలనుకుంటే నీళ్లు కలపకుండా పోయండి. 4 శాతం వినెగర్ లీటరు కరిగించేది 33 గ్రాములే, వాసన కూడా ఎక్కువ. మాకైతే నిమ్మఉప్పే మేలనిపిస్తుంది.

నీళ్లు చెయ్యి పట్టేంత గోరువెచ్చగా ఉంటే చాలు. మరిగే నీళ్లు పోయకండి. షవర్ లోపలి ప్లాస్టిక్ వంగిపోతుంది. అదీగాక కరిగిన సున్నం నిమ్మఉప్పుతో కలిసి కాల్షియం సిట్రేట్ అవుతుంది. వేడి పెరిగేకొద్దీ దాని కరిగే గుణం తగ్గుతుంది కాబట్టి అదే తెల్లపొడిగా మళ్లీ రంధ్రాల్లో దిగుతుంది.

షవర్‌ను గోడ నుంచి విప్పి నానబెట్టడమే మంచిది. గోడలోంచి వచ్చే వంపు పైపును ప్లంబర్లు ఆర్మ్ అంటారు. దాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో షవర్ నట్టును కింద నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిప్పండి. ఆర్మ్‌ను వదిలేసి బలవంతం చేస్తే అది గోడ లోపలి మర దగ్గర తిరుగుతుంది. ఆ లీకు బయటికి కనబడదు, కొన్ని నెలలకు అవతలి గదిలో చెమ్మగా తేలుతుంది. ఈ పనిలో జరిగే పెద్ద నష్టం ఇదే, దయచేసి తొందరపడకండి. నట్టు బిగుసుకుంటే వినెగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి, తర్వాత ఇంకో పొడిగుడ్డ చుట్టి దాని మీద పానా వేయండి. పానా పళ్లు నేరుగా తగిలితే తళుకు గీసుకుపోతుంది.

విప్పాక నట్టు లోపల చిన్న జాలీ, రబ్బరు వాషర్ ఉంటాయి. జాలీలో ఇసుక, ఆర్మ్ నుంచి ఊడివచ్చిన సున్నపు పెళ్లలు చేరుతాయి. రంధ్రాలన్నీ శుభ్రంగా ఉన్నా ధార బలహీనంగా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. వాషర్‌ను పక్కన పెట్టి, జాలీని, షవర్‌ను ప్లాస్టిక్ బేసిన్‌లో రంధ్రాలు కిందికి వచ్చేలా ముంచండి. బుడగలు మొదలవుతాయి. అరగంటకు తీసి చూడండి. బుడగలు ఆగిపోయి, సున్నం ఇంకా మిగిలి ఉంటే ద్రావణంలో శక్తి అయిపోయిందని అర్థం. దాన్ని పారబోసి కొత్తది కలపండి. అదే నీళ్లలో రాత్రంతా వదిలేస్తే సున్నం కరగదు, తళుకు మాత్రం పాడవుతుంది. క్రోమ్ పూతకు ఒక విడత 30 నుంచి 45 నిమిషాలు చాలు. స్టీలు షవర్ గంటసేపు ఆగుతుంది. బంగారు, నలుపు రంగు పూతలున్నవాటికి సగం గాఢతతో పది నిమిషాలకు మించొద్దు.

మెత్తటి రబ్బరు మొనలు ఉన్న షవర్ అయితే ఒక్కోదాన్నీ బొటనవేలితో అటూ ఇటూ వంచండి. లోపలి సున్నం పెళుసుగా విరిగి కణాలుగా రాలుతుంది. వీటికి సూది పెట్టకూడదు, చీలిపోతాయి. గట్టి ప్లాస్టిక్, స్టీలు రంధ్రాలకు నానిన తర్వాత సూది లేదా పాత టూత్‌బ్రష్ వాడొచ్చు. ఎండిన సున్నాన్ని సూదితో పొడిస్తే అది లోపలికే పోయి పడుతుంది.

తిరిగి బిగించే ముందు షవర్ లేకుండానే అరనిమిషం నీళ్లు వదలండి, ఆర్మ్‌లోని పెళ్లలు బయటికి కొట్టుకొస్తాయి. పాత టేపు ముక్కలు పీకేసి, మరకు ఎదురుగా నిలబడి గడియారం దిశలో నాలుగైదు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దగా చేరుతుంది. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు వేస్తే సరిపోతుంది. చేతి షవర్ గొట్టానికి రబ్బరు వాషరే చాలు, టేపు అక్కర్లేదు.

ఇకమీదట స్నానం కాగానే షవర్‌ను ఒకసారి తట్టి, తడి తుడిచేయండి. చుక్క ఆరకపోతే పొర ఉండదు.

ప్రశ్న: తెల్లమరకలు పోవాలని టాయిలెట్లు కడిగే యాసిడ్ పోసినాము. షవర్ తళుకు పోయి లోపల పచ్చగా కనబడుతోంది. కింద పరిచిన నల్ల కడపబండ కూడా అక్కడక్కడ బూడిద రంగుకు తిరిగింది. ఏమన్నా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: పచ్చగా కనబడుతున్నది లోపలి ఇత్తడి. ఆ యాసిడ్లలో సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది క్రోమ్ పూతను తినేస్తుంది. పోయిన పూత కడిగితే రాదు. లీకు లేకపోతే అట్లాగే వాడుకోండి.

బండ సంగతి మన ప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాలి. కడప బండ, బేతంచర్ల బండ, తాడిపత్రి బండ, ఇవన్నీ సున్నపురాళ్లే. షవర్‌లో పేరుకున్నదీ, మీ కాళ్ల కింద ఉన్నదీ ఒకటే పదార్థం. ఆమ్లానికి తేడా తెలియదు. వినెగర్, నిమ్మఉప్పు నీళ్లు కూడా కాసేపు నిలిస్తే ఈ బండ మెరుపును తింటాయి. అందుకే షవర్‌ను విప్పి బేసిన్‌లో నానబెట్టమన్నది. ప్లాస్టిక్ కవర్‌లో వినెగర్ పోసి గోడ మీదే షవర్‌కు కట్టే పద్ధతి టైల్స్ ఉన్న ఇళ్లలో ఫరవాలేదు. బండలున్న ఇంట్లో కవర్ జారిందంటే మచ్చ ఖాయం.

ఇప్పుడు చేయగలిగింది, ముందు ధారాళంగా నీళ్లు పోసి కడిగి, మగ్గు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి ఆ చోట పోయడం. అక్కడ మిగిలిన ఆమ్లం ఆగిపోతుంది. పోయిన నునుపు తిరిగి రావాలంటే రాయి పాలిష్ పట్టేవాళ్లతో మిషన్ వేయించాల్సిందే. నూనె పూస్తే నల్లగా కనబడుతుందని కొందరు చెబుతారు. స్నానాల గదిలో ఆ పని అస్సలు చేయకండి, జారిపడతారు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. యాసిడ్‌తో గానీ వినెగర్‌తో గానీ బ్లీచింగ్ పౌడర్‌ను ఎప్పుడూ కలపొద్దు. ఒకటి పోసిన చోటే రెండోది పోసినా క్లోరిన్ గాలి పుడుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రశ్న: మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువంటారు. షవర్‌కు పట్టే తెలుపు అదేనా? ఆ నీళ్లతో స్నానం చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: కాదు. ఆ తెలుపు ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలది. ఒక చుక్క వినెగర్ వేసి చూడండి, నురగ లేస్తే సున్నమే. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, రుచికి తెలియదు. బయట తెల్లపొర లేదు కాబట్టి ఫ్లోరైడ్ లేదనుకోవడమూ పొరపాటే. స్నానానికి భయం లేదు, సమస్య తాగడం, వంటలతోనే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెప్పే మొత్తం కఠినత్వానికి ఆ హద్దులు లీటరుకు 200, 600 మి.గ్రా. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. బోరు నీళ్లే తాగుతుంటే పరీక్ష చేయించండి.

ప్రశ్న: షవర్ శుభ్రం చేసినాము. చన్నీళ్లు ధారగా వస్తున్నాయి, వేడినీళ్లు మాత్రం సన్నంగానే వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండూ ఒకే షవర్ నుంచి వస్తున్నాయి కాబట్టి అడ్డం షవర్‌లో లేదు, వేడినీళ్ల దారిలో ఉంది. గీజర్ స్విచ్ ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారాక, లోపలికి వచ్చే నీళ్ల కాక్ కట్టేయండి. గీజర్ నుంచి బయటికి పోయే పైపు కొస విప్పి, కింద బకెట్ పెట్టి, కాక్ మళ్లీ తెరవండి. గీజర్ నుంచి ధార బాగా వస్తే సున్నం పైపులోనో, వేడినీళ్లు చన్నీళ్లు కలిపే మిక్సర్ కుళాయిలోనో ఉంది. విప్పిన పైపును నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టొచ్చు. సన్నంగానే వస్తే అడ్డం గీజర్‌లో గానీ, దానికి నీళ్లు తెచ్చే కాక్, వాల్వులో గానీ ఉంది. ఇక మెకానిక్‌ను పిలవండి. గీజర్‌లోకి మీరే ఆమ్లం పోయకండి. తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీని అది తినేస్తుంది.

నీళ్లు వేడెక్కేకొద్దీ సున్నం త్వరగా దిగుతుంది. గీజర్‌ను 75 డిగ్రీల దగ్గర పెట్టి చన్నీళ్లు కలుపుకోవడం కంటే 55–60 దగ్గర పెట్టుకుంటే కాయిల్, పైపులు ఎక్కువ కాలం వస్తాయి.

ప్రశ్న: షవర్‌కే బిగించే చిన్న ఫిల్టర్లు కొంటే ఈ బాధ తప్పుతుందా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ఇసుక, తుప్పు ఆగుతాయి, కార్బన్ ఉంటే క్లోరిన్ వాసన తగ్గుతుంది. కఠినత్వాన్ని తీసేసేంత రెసిన్ (కాల్షియాన్ని పట్టుకునే చిన్న పూసలు) ఆ చిన్న డబ్బాలో పట్టదు. కాల్షియాన్ని తీసుకుని సోడియాన్ని వదిలే రెసిన్ సాఫ్ట్‌నర్‌ను ట్యాంకు దగ్గరే బిగించాలి. దానికి క్రమం తప్పకుండా ఉప్పునీళ్లు పట్టించాలి, లేకపోతే రెసిన్ పనిచేయడం మానేస్తుంది. కొనే ముందు నీళ్ల కఠినత్వం ఎంతో పరీక్ష చేయించుకోండి, యంత్రం సైజు దాన్నిబట్టే ఉంటుంది. రెసిన్ కడిగిన ఉప్పునీళ్లను చెట్ల పాదుల్లోకి వదలకండి, నేల చౌడుబారుతుంది.