కోర్, మెమరీ క్లాక్‌లను విడివిడిగా పెంచండి
మీ గ్రాఫిక్స్ కార్డులో కోర్ (లెక్కలు చేసే చిప్), మెమరీ క్లాక్‌లను, అంటే వాటి పని వేగాలను, ఒకేసారి పెంచాక ఆట మధ్యలో తెర నల్లబడి డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) రీసెట్ అవుతోందని మీరు రాశారు. రెండింటినీ కలిపి కదిపినందువల్లే తప్పు ఎక్కడుందో తేలడం లేదు. ముందుగా అన్నిటినీ డిఫాల్ట్‌కు తెచ్చి, కోర్‌ను మాత్రమే 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ మీరు ఆడే బరువైన ఆటతోనే పరీక్షించి, తడబడిన చోటి నుంచి 30 మెగాహెర్ట్జ్ వెనక్కి రండి. ఆ తర్వాతే మెమరీ సంగతి చూడండి. కొన్ని కార్డుల్లో ఉండే జీడీడీఆర్6ఎక్స్ వంటి మెమరీ రకాలు డేటాలో దోషాలను పట్టుకొని దాన్ని మళ్లీ పంపుతాయి కనుక, హద్దు దాటినా క్రాష్ కాకుండా ఫ్రేమ్‌రేటు (సెకనుకు తెరపై వచ్చే చిత్రాల సంఖ్య) మాత్రమే తగ్గవచ్చు. క్లాక్ అంకెను కాక ఫ్రేమ్‌రేటునే నమ్మండి. వోల్టేజ్ జోలికి వెళ్లకండి. దాని లాభం, నా దృష్టిలో, పెరిగే వేడికి తగినది కాదు. నిలకడ తేలేవరకు ఈ సెట్టింగులు విండోస్ మొదలవగానే వాటంతటవే అమలు కాకుండా ఆపి ఉంచండి.