గంతలు కట్టుకుంటేనే నాన్నకు కనిపించే కొడుకు

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు, ఆరో తరగతి. వేసవి సెలవుల్లో మావారు వాణ్ని మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, అంటే మెదడు మధ్యభాగాన్ని మేల్కొలుపుతామనే క్లాసులో చేర్చి ఇరవై వేలు కట్టారు. రెండు రోజుల్లోనే కళ్లకు గంతలతో రంగులు చెప్పడం, నోటు మీద నంబరు చదవడం మొదలుపెట్టాడు. అంతకుముందు మావారు వాడితో సరిగ్గా మాట్లాడేవారే కాదు. చదువులో మా బావగారి అబ్బాయితో పోల్చి విసుక్కునేవారు. ఇప్పుడు ఆదివారం వస్తే చుట్టాలను పిలిచి, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తున్నారు. ఈమధ్య మా అత్తగారి గొలుసు కనిపించలేదు. మామగారు వాడికి గంతలు కట్టి ఎక్కడుందో చూసి చెప్పమన్నారు. చాలాసేపు వాడు మాట్లాడలేదు. గట్టిగా అడిగితే, పనావిడ ఇంట్లో బియ్యం డబ్బాలో ఉందన్నాడు. ఇరుగుపొరుగు చూస్తుండగానే ఆవిడను నిలదీశారు. ఏడుస్తూ వెళ్లిపోయింది, మళ్లీ పనిలోకి రాలేదు. గొలుసూ దొరకలేదు. అప్పట్నుంచి బాబు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. వాడికి నిజంగా శక్తి ఉందా? ఇలాంటి పనులకు వాడితే శక్తి పోతుందని మా అత్తగారు అంటున్నారు. రెండో లెవెల్లో చేర్చమంటారా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: లేదమ్మా, శక్తి లేదు. లేనిది పోదు కాబట్టి అత్తగారి భయానికీ అదే సమాధానం. రెండో లెవెల్లో చేర్చకండి. మీరు అడిగినవాటికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, కానీ మీ ఇంట్లో మాట చెల్లాలంటే కాస్త వివరం చేతిలో ఉండాలి కదా, అందుకు రాస్తున్నాను.

మిడ్‌బ్రెయిన్ అనేది మెదడులో నిజంగానే ఉంది. కనుగుడ్లు అటూఇటూ తిప్పడం, చప్పుడు వినగానే తల అటు మళ్లడం లాంటివి చూసుకునే భాగం. పుట్టినప్పటి నుంచీ అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఇరవై వేలు పుచ్చుకుని ఎవరూ దాన్ని లేపక్కర్లేదు. ఇక గంతల సంగతి. ముక్కు దూలానికీ చెంపకూ మధ్య గుడ్డ ఎంత బిగించినా సన్నటి సందు మిగులుతుంది. ఆదివారం మీ అబ్బాయిని పక్కనుంచి గమనిస్తే తెలుస్తుంది. గడ్డం కొద్దిగా పైకెత్తుతాడు, కార్డును ముక్కు కిందకు, ఛాతీకి దగ్గరగా తెచ్చుకుంటాడు. అదే కార్డును నుదుటికి ఎదురుగానో తల వెనకో పెడితే చదవలేడు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1960లలో సోవియట్ యూనియన్‌లో రోజా కులెషోవా అనే ఆవిడ వేళ్లతో చదువుతుందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. 1966లో అమెరికా రచయిత మార్టిన్ గార్డనర్ ‘సైన్స్’ పత్రికలో రాస్తూ, ఇదంతా ముక్కు పక్కనుంచి తొంగిచూడటమేనన్నాడు. గంతలు కాదు, భుజాల మీద ఆనేలా తలకు అల్యూమినియం పెట్టె తొడిగి పరీక్షించండన్నాడు. శ్రీలంకలో హేతువాది అబ్రహాం కోవూర్, అతీంద్రియ శక్తి ఉందనేవాళ్లు మోసం లేకుండా చూపించండంటూ 1963లో లక్ష రూపాయల పందెం కట్టాడు. సీలు వేసిన కవర్లోని నోటు నంబరు చదవడం ఆ పందెంలో ఒకటి. 1978లో ఆయన పోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు. మన దేశంలో ఈ మిడ్‌బ్రెయిన్ క్లాసుల గుట్టును హేతువాది నరేంద్ర నాయక్ ఊరూరా తిరిగి విప్పి చూపించారు.

ఇదంతా చదివి రేపే చుట్టాల ముందు వాడి తల వెనక కార్డు పెట్టి బండారం బయటపెడదామనుకుంటారేమో. ఆ పని మాత్రం చేయకండి. వాడు మోసగాడు కాదు. ఆ హాల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. అందరికీ ఒకేసారి గంతలు కట్టారు. పక్కపిల్ల ‘నీలం’ అంది, అందరూ చప్పట్లు కొట్టారు. ‘నీకింకా కనిపించట్లేదా, మనసు పెట్టు’ అన్నారు. బయట నాన్న డబ్బు కట్టి కూర్చున్నాడు. సందులోంచి కాస్త రంగు కనబడగానే వాడూ చెప్పేశాడు. అదే శక్తి అని పెద్దవాళ్లే అన్నప్పుడు, కాదని చెప్పే ధైర్యం పదకొండేళ్లవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు అసలు విషయం. మీరు శక్తి గురించి పేజీ నిండా రాశారు. మధ్యలో ఒక్క వాక్యం జారవిడిచారు: అంతకుముందు మావారు వాడితో సరిగ్గా మాట్లాడేవారే కాదు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. పదకొండేళ్లలో మొదటిసారి నాన్న పక్కన కూర్చోబెట్టుకున్నాడు, భుజం మీద చెయ్యి వేసి ‘మావాడు’ అని నలుగురికీ చెప్పాడు. అదీ వాడి కళ్లు మూసినప్పుడే! ఆ గుడ్డ విప్పేస్తే మళ్లీ అన్నయ్యగారబ్బాయి కంటే తక్కువ మార్కుల పిల్లాడే. ఏ పిల్లాడు విప్పుకుంటాడమ్మా? మీవారు ఆ డబ్బు పోసి కొన్నది కొడుకు తెలివిని కాదు, అన్నగారి ముందు తన పరువును. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. అన్నదమ్ముల మధ్య పోటీ ఉంటే వాళ్లే తేల్చుకోవాలి, పసివాడి ముఖానికి గుడ్డ కట్టి కాదు.

గొలుసు సంగతీ ఇందులోంచి వచ్చిందే. పూర్వం వస్తువు పోతే అంజనం వేయించేవారు. తమలపాకు మీద కాటుక పూసి, ఓ పసివాణ్ని కూర్చోబెట్టి, అందులో ఎవరు కనిపిస్తున్నారో చెప్పమనేవారు. ఇంట్లో పెద్దలకు అప్పటికే ఎవరిమీద అనుమానం ఉందో వాళ్ల పేరే ఆ పిల్లాడి నోట వచ్చేది. మీ మామగారు చేయించింది అదే, కాకపోతే ఈసారి సర్టిఫికెట్టు కూడా ఉంది. పనావిడ మీద మీ ఇంట్లో అంతకుముందే ఎవరో ఓ మాట అని ఉంటారు, గుర్తు తెచ్చుకోండి. ఆడవాళ్లు విలువైనవి బియ్యం డబ్బాలో దాస్తారని వాడు ఎక్కడో విని ఉంటాడు. తెలియదంటే నాన్న పరువు పోతుంది, చెబితే ఓ మనిషి పరువు పోతుంది. వాడు నాన్నను ఎంచుకున్నాడు. రాత్రుళ్లు లేస్తున్నది అందుకే అనుకుంటాను.

ముందు మీవారితో మాట్లాడండి. అత్తమామలు లేనప్పుడు, పిల్లాడు నిద్రపోయాక. మిడ్‌బ్రెయిన్ నిజమా అబద్ధమా అన్న వాదన మొదలుపెడితే మగవాడు డబ్బు కట్టిన రసీదు వైపే నిలబడతాడు, ఆ జోలికి పోకండి. ‘వాడు నిద్రపోవడం లేదు, మీరు ఎక్కడ కోప్పడతారోనని భయపడుతున్నాడు’ అనండి. ఆదివారం చుట్టాలు వద్దనండి. ఆ గంట వాణ్ని సైకిలు మీద ఎక్కడికైనా తీసుకెళ్లమనండి, లెక్కలు చెప్పమనండి, ఏదైనా సరే, కళ్లు తెరిచి ఉన్న కొడుకుతో గడపమనండి. ఆయన మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకున్నది మీరూ కదా. ‘నా మాట ఎవరు వింటారు’ అని రాయకుండానే రాశారు. తల్లికి ఆ మాట కుదరదు.

బాబుతో ఒక్కటే చెప్పండి: ఇకమీదట గంతలు కట్టుకోనక్కర్లేదు, ఎలా చదివావని ఇంట్లో ఎవరూ అడగరు. వాడంతట వాడే చెబితే వినండి, తిట్టకండి, ఓహో అని ఆశ్చర్యపోకండి. మామగారి నమ్మకం ఆయనది, దాన్ని మార్చే పని మీకొద్దు. ఆయన మళ్లీ గుడ్డ పట్టుకొస్తే మాత్రం ‘వాడు కట్టుకోడు మామయ్యా’ అని మీరే అనాలి, మీవారి వెనక నిలబడి కాదు. కొన్ని వారాలు గడిచినా ఉలికిపాటు తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యుణ్ని కలవండి. విభూతి పెట్టించడానికి ఎవరి దగ్గరికీ తీసుకెళ్లకండి, మళ్లీ మొదటికొస్తుంది.

పనావిడ విషయం చివరికి వచ్చినంత మాత్రాన చిన్నదనుకోకండి. ఆవిడ జీతం ఇచ్చారో లేదో మీరు రాయలేదు, ఇవ్వలేదనే నా అనుమానం. భార్యాభర్తలిద్దరూ ఆవిడ ఇంటికి వెళ్లండి. నలుగురి ముందు దొంగన్నారు కాబట్టి, నలుగురూ ఉన్న వేళ చూసి వెళ్లండి. తప్పు మాదే, పిల్లాడి చేత అనిపించింది మేమేనని మీవారు తన నోటితో చెప్పాలి. గొలుసు దొరికేదాకా ఆగుదామని అనొద్దు, అది దొరక్కపోయినా ఆవిడకు క్షమాపణ బాకీనే. బాబును వెంట తీసుకెళ్లకండి, వాడు మోసింది చాలు. జీతం కవర్లో పెట్టి ఎవరిచేతనో పంపకండి. మళ్లీ పనిలోకి రానంటే బతిమాలకండి.